మిలాన్ గలేరియాలో చూడటానికి ఏముంది? అది వట్టి ఖరీదైన షాపింగ్ మాలేనా?

డిసెంబరులో అమ్మానాన్నలతో ఇటలీ వెళ్తున్నామని, మిలాన్‌లో ఒక్క పూట మాత్రమే ఉంటామని, డుయోమో చర్చి పక్కనున్న గలేరియా పెద్ద బ్రాండ్ల షాపింగ్ మాల్ తప్ప మరేమీ కాదని మీ స్నేహితుడు చెప్పాడని రాశారు. దానికి సమయం కేటాయించవచ్చా, దాని కథ ఏమిటి, అంత పాత కాలంలో అంత పెద్ద గాజు కప్పు ఎలా వేశారు, అలాంటిది మన హైదరాబాదులో ఎందుకు లేదు అన్నవి మీ ప్రశ్నలు.

ముందుగా సూటిగా చెబుతాను. తప్పకుండా చూడండి. ఒక గంట చాలు, టికెట్టు లేదు. అయితే దాన్ని మాల్ అనుకుని లోపలికి వెళ్లకండి, పైకప్పు వేసిన వీధి అనుకుని నడవండి. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే ఆ కట్టడం దానంతట అదే అర్థమవుతుంది. మాల్ అనుకుంటే మాత్రం మీ స్నేహితుడిలాగే చేతి సంచుల ధరలు చూసి నిట్టూర్చి బయటికి వచ్చేస్తారు.

నేను పాత కట్టడాల మరమ్మతు, పరిరక్షణ పనిలో ఉన్న ఆర్కిటెక్టును. ఆ చదువు కోసం మిలాన్‌లో రెండేళ్లు ఉన్నాను. మొదటి నెలల్లో గలేరియా నేల నక్షా గీసి తెమ్మన్నారు. నేను శ్రద్ధగా కొలతలన్నీ వేసి, నాలుగు చివర్లలోనూ అలవాటు కొద్దీ ద్వారాలు గీశాను. మా మాస్టారు ఎర్ర పెన్సిలు తీసుకుని ఆ నాలుగింటినీ కొట్టేసి, మళ్లీ వెళ్లి చూసి రమ్మన్నారు. వెళ్లి చూస్తే నిజంగానే ఎక్కడా తలుపు లేదు. అర్ధరాత్రి రెండింటికి కూడా అటు చౌరస్తా నుంచి ఇటు చౌరస్తాకు ఎవరైనా నడిచిపోవచ్చు. కప్పు ఉన్నా అది ఊరి వీధే. ఆ కట్టడాన్ని చూడటం నేను నేర్చుకున్నది ఆ రోజునే.

ఇప్పుడు కథ. 1859 దాకా మిలాన్ ఆస్ట్రియా ఏలుబడిలో ఉండేది. ఆ ఏడాది యుద్ధంలో ఆస్ట్రియా ఓడిపోయి వెళ్లిపోయాక, అప్పటికి సార్డీనియా రాజ్యాన్ని ఏలుతున్న రెండవ విట్టోరియో ఇమాన్యుయెల్ రాజు చేతికి ఊరు వచ్చింది. 1861లో ఆయన ఇటలీ రాజయ్యాడు. ఆ ఉత్సాహంలో నగర పాలకులు ఒక కొత్త వీధి వేసి దానికి రాజు పేరు పెట్టాలని నిశ్చయించారు. ఒక చివర 1386లో మొదలుపెట్టిన డుయోమో అనే మహా చర్చి, రెండో చివర 1778 నాటి లా స్కాలా సంగీత నాటకశాల ఉంటాయి. ఊరికి దైవం ఒకవైపు, సంగీతం ఒకవైపు అయితే, ఆ రెంటినీ కలిపే దారి ఇరుకు సందులతో నిండి ఉండేది. డబ్బు కోసం లాటరీ కూడా పెట్టారు, అది సరిపోలేదు. పోటీ పెట్టి నమూనాలు ఆహ్వానించి, చివరకు 1863లో బొలోన్యా ప్రాంతం నుంచి వచ్చిన జుసెప్పె మెంగోని అనే ఆర్కిటెక్టును ఎంచుకున్నారు. అప్పటికి ఆయన వయసు ముప్పై నాలుగైనా నిండలేదు.

ఇక్కడ నాకు ఎప్పుడూ కొంచెం బాధ కలిగించే విషయం ఒకటుంది. ఈ పనికి చోటు కల్పించడానికి కూల్చినవాటిలో కొపెర్తో దెయి ఫిజీని అనే పాత కట్టడం కూడా ఉంది. పదిహేనవ శతాబ్దం నాటి ఆ కట్టడానికి చర్చి ముందున్న చౌరస్తా వెంబడి కమానుల వసారా ఉండేది, దాని కింద దుకాణాలు నడిచేవి. కప్పు కింద అంగళ్ల కొత్త వీధి కోసం కప్పు కింద అంగళ్ల పాత వసారాను 1864లో నేలమట్టం చేశారన్నమాట. పరిరక్షణ చదివినవాళ్లం ఇలాంటివి చదువుతూ పళ్లు కొరుక్కుంటాం, ఏం చేస్తాం.

శంకుస్థాపన 1865 మార్చి 7న రాజు చేతుల మీదుగా జరిగింది. పెట్టుబడి ఇంగ్లండులో పెట్టిన ఒక కంపెనీది. ప్రారంభోత్సవం కూడా రాజే 1867 సెప్టెంబరు 15న చేశాడు. అంటే అంత కట్టడం రెండున్నర ఏళ్లలో ప్రజలకు తెరుచుకుంది. మన దగ్గర ఒక ఫ్లైఓవరు పడే పాట్లు చూసినవాళ్లకు ఇది నమ్మశక్యం కాదు. అయితే పని పూర్తయిందనుకోకండి. ఆ కంపెనీ దివాలా తీయడంతో 1869లో నగరమే దాన్ని తీసుకుంది. డుయోమో వైపున్న మహాతోరణం ఇంకా మిగిలే ఉంది. ఆ తోరణం పూర్తి కావస్తున్న రోజుల్లో, 1877 డిసెంబరు 30న, పని చూడటానికి పరంజా ఎక్కిన మెంగోని అక్కడి నుంచి పడి చనిపోయాడు. వయసు 48. కాలు జారిందా, విమర్శలు భరించలేక దూకాడా అని ఊళ్లో చాలా కాలం మాట్లాడుకున్నారు. ప్రమాదమే అయ్యుంటుందని నా అభిప్రాయం, ఎందుకంటే ఆ ఎత్తున డిసెంబరు తేమలో తడిసిన చెక్క పలకల మీద నడిచిన అనుభవం నాకూ ఉంది. ఎవరి పేరు మీద ఆ వీధి వెలిసిందో ఆ రాజు కూడా పదిరోజులు తిరిగేసరికి, 1878 జనవరి 9న, కన్నుమూశాడు. తోరణం నెత్తిన "విట్టోరియో ఇమాన్యుయెల్‌కు, మిలాన్ ప్రజలు" అన్న అర్థం వచ్చే లాటిన్ లిపి అక్షరాలు ఈనాటికీ కనిపిస్తాయి.

ఇక కట్టడం సంగతి. నేల నక్షా శిలువ ఆకారంలో ఉంటుంది. డుయోమో నుంచి స్కాలా వైపు వెళ్లే పొడవు చెయ్యి సుమారు 196 మీటర్లు, అడ్డంగా వెళ్లేది సుమారు 105 మీటర్లు. వీధి వెడల్పు పద్నాలుగున్నర మీటర్లు. ఈ వెడల్పును తేలిగ్గా తీసుకోకండి. ఇలాంటి గాజు కప్పు వీధులు యూరపుకు అప్పటికి కొత్తేమీ కాదు. పారిస్‌లో 1800 ప్రాంతం నుంచే ఇరుకు సందులకు కప్పు వేసి దుకాణాలు పెట్టారు. లండన్‌లో బర్లింగ్టన్ ఆర్కేడ్ 1819లో తెరిచారు. మిలాన్‌లోనే 1832 నాటి దె క్రిస్తోఫోరిస్ గలేరియా ఉండేది. బ్రసెల్స్‌లో 1847లో తెరిచిన సెంట్ హ్యూబర్ట్ గలేరీలు పొడవులో మిలాన్‌ను మించినా వెడల్పు ఎనిమిది మీటర్లే. అవన్నీ రెండు పెద్ద వీధుల మధ్య దగ్గరిదారుల్లాంటివి. మెంగోని మాత్రం దగ్గరిదారిని రాజవీధి కొలతకు పెంచాడు. ఆయన గొప్పతనం నాకు అందులోనే కనిపిస్తుంది. కొత్త వస్తువునేదీ కనిపెట్టలేదు, ఉన్నదాని స్థాయిని మార్చాడు.

రెండు వీధులు కలిసే చోట ఆయన చేసిన పని కొంచెం నిదానంగా చూడాలి. పద్నాలుగున్నర మీటర్ల వెడల్పున్న రెండు దారులు అడ్డంగా కలిస్తే మధ్యలో ఏర్పడేది అంతే కొలత ఉన్న చదరం. దాని మీద గుమ్మటం వేస్తే పెద్ద పెట్టెకు చిన్న మూత పెట్టినట్టుంటుంది. అందుకని నాలుగు మూలల్లో ఉన్న భవనాల ముక్కులు కోసేసి, కూడలిని ఎనిమిది పలకల విశాల ప్రాంగణంగా మార్చాడు. దాంతో గుమ్మటానికి చోటు దొరికింది, ఎత్తు నేల నుంచి దాదాపు 47 మీటర్లకు పెరిగింది. వీధిలో నడుచుకుంటూ వచ్చి ఈ కూడలిలో అడుగుపెట్టగానే ఎవరికైనా తల దానంతటదే పైకి లేస్తుంది. నేను తీసుకెళ్లిన బంధువుల్లో ఆ చోట ఆగని మనిషి ఇంతవరకూ ఒక్కరూ లేరు.

కోసిన ఆ నాలుగు మూలల గోడల పైభాగంలో అర్ధచంద్రాకారపు బొమ్మలు ఉంటాయి. అవి యూరపు, ఆసియా, ఆఫ్రికా, అమెరికా ఖండాలకు స్త్రీ రూపాలు. మొదట అవి తడి సున్నం మీద వేసిన రంగు చిత్రాలు. తేమకు పాడైపోవడంతో ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో వాటి స్థానంలో మొజాయిక్ బొమ్మలు పెట్టారు.

గాజు కప్పు గురించి. ఇనుప కమానులను వరసగా నిలిపి, వాటి మధ్య గాజు పలకలు పరిచారు. సుమారు 350 టన్నుల ఆ ఇనుము పారిస్‌లోని కార్ఖానాలో తయారై వచ్చింది. ఐఫిల్ టవరుకు ఇది ఇరవై రెండేళ్లు పెద్దదని చెబితే మీ నాన్నగారికి నచ్చుతుందనుకుంటాను. ఇంజినీరింగు దృష్టితో నాకు నచ్చేది వేరే. కప్పుకు అంత ఇనుము వాడి కూడా మెంగోని గోడల మీద ఇనుమును చూపించలేదు. కింద అంతా రాతి పనిలా, గారపనిలా కనిపించే పాత పద్ధతి ముఖభాగాలే. కిటికీలు, బాల్కనీలు, పై అంచుల చూరు పట్టీలు, శిల్పాలు, అన్నీ మామూలుగా ఇంటి వీధివైపు గోడకు ఉండేవే. ఆ గోడలు గదికి లోపలి గోడలు కావు, వీధికి ఇరువైపులా నిలబడ్డ ఇళ్ల ముఖాలు. కింద దుకాణాలు, పై అంతస్తుల్లో నివాసాలు, కార్యాలయాలు ఉండేలా కట్టారు. తలుపులు ఎందుకు లేవో ఇప్పుడు మీకు వేరే చెప్పక్కరలేదు.

సాయంత్రం దీపాల వేళ జరిగే తమాషా చూడటానికే మొదట్లో జనం మూగేవారట. గుమ్మటం చుట్టూ ఉన్న గ్యాస్ దీపాలను అంత ఎత్తున మనుషులు వెలిగించలేరు గదా. అందుకని చుట్టూ చిన్న పట్టాలు వేసి, వాటి మీద నిప్పుతో పరుగెత్తే చిన్న యంత్రాన్ని పెట్టారు. అది ఒక్కో దీపాన్నీ అంటిస్తూ గిర్రున తిరిగి వచ్చేది. మిలాన్ వాళ్లు దానికి వాళ్ల యాసలో "రత్తీన్" అని, అంటే చిట్టెలుక అని, పేరు పెట్టారు. విద్యుత్తు వచ్చాక ఎలుక పని అయిపోయింది.

నేల మీద జనం గుంపు కనిపిస్తే అది ఎద్దు బొమ్మ దగ్గరే అనుకోండి. కూడలి నడిమధ్యలో ఎర్ర రంగు మీద తెల్ల శిలువ ఉంటుంది, అది రాజవంశమైన సవోయ్ వారిది. దాని చుట్టూ నాలుగు ఊళ్ల చిహ్నాలు: తొరీనోకు ఎద్దు, ఫ్లోరెన్సుకు కలువలాంటి పువ్వు, రోముకు ఆడ తోడేలు, మిలాన్‌కు తెలుపు మీద ఎర్ర శిలువ. మొదటి మూడూ వరసగా ఇటలీకి రాజధానులైన ఊళ్లు. రెండు శిలువలను తారుమారు చేసి చెప్పే గైడ్లను నేను చూశాను, రంగులు గమనించండి. ఆ ఎద్దు వృషణాల మీద మడమ ఆనించి గిరగిరా తిరిగితే అదృష్టమని నమ్మకం. పక్క ఊరి మీద ఎగతాళిగా మొదలైందో, మొక్కుగా మొదలైందో గాని, మడమల రాపిడికి ఆ చోట రాళ్లు లేచిపోయి గుంట పడుతుంది, మళ్లీ పూడుస్తారు, మళ్లీ పడుతుంది. మా అత్తయ్య నేను చెప్పిందంతా విని, "దాన్ని అట్లా తొక్కితే మనకేం అదృష్టం రా, పాపం రాదూ" అని పక్కకు తప్పుకుంది. మరమ్మతు చేసేవాడిగా నేను ఆవిడ పక్షమే.

1943 ఆగస్టు బాంబు దాడుల్లో గాజు కప్పు మొత్తం రాలిపోయింది, కొంత భవనమూ దెబ్బతింది. యుద్ధం తర్వాత తిరిగి కట్టి 1955లో మళ్లీ తెరిచారు. కాబట్టి మీరు పైకి చూసే గాజు 1867 నాటిది కాదు. నమూనా పాతది, పలకలు కొత్తవి. ఇది మోసమేమీ కాదు, పాత కట్టడాల్లో కప్పు అనేది ఎప్పుడూ మార్చుకుంటూ పోయే భాగమే. 2015లో ఆ ఊళ్లో ప్రపంచ ప్రదర్శన జరగబోయే ముందు గోడలన్నీ కడిగి శుభ్రం చేశారు. ఆ ఖర్చులో కొంత దుకాణదారులు, అంటే ప్రాడా, వెర్సాచె వంటివారు పెట్టుకున్నారు. నల్లగా మసిబారిన గోడల కింద లేత గోధుమ రంగు బయటపడింది.

మీ స్నేహితుడి మాటలో ఒక సగం నిజమే. ఇవాళ అక్కడి అద్దెలు కట్టగలిగేది పెద్ద బ్రాండ్లే. అయితే యజమాని ఇప్పటికీ నగరపాలక సంస్థ. బోర్డులు నల్లటి పలక మీద బంగారు అక్షరాలతోనే ఉండాలన్న నియమం ఉంది. మెక్‌డొనాల్డ్స్ కూడా తన ఎర్ర పసుపు రంగులు వదిలేసి ఇరవై ఏళ్ల పాటు ఆ నలుపు బంగారాలతోనే అక్కడ నడిచింది. 2012లో ఒప్పందం ముగిసి ఖాళీ చేయాల్సి వస్తే ఆ చోటు ప్రాడాకు దక్కింది. ఆ ప్రాడా అయితే పరాయిది కాదు, 1913లో మారియో ప్రాడా తోలు వస్తువుల దుకాణంగా ఆ గలేరియాలోనే పుట్టింది. డుయోమో వైపు మూల మీద కంపారి అనే మద్యం కంపెనీ వారి కమ్మని కాఫీ, మద్యం దుకాణం "కంపారీనో" 1915 నుంచి ఉంది. ఊరి వాళ్లు గలేరియాను "మిలాన్ ముందుగది" అంటారు, మనం అతిథిని కూర్చోబెట్టే వసారా అన్న అర్థంలో.

దీన్ని చూసి నేపుల్స్‌లో 1890 నాటికి ఉంబెర్తో గలేరియా కట్టుకున్నారు, అదీ నాటకశాల ఎదుటే. మాస్కోలో 1893లో తెరిచిన గూమ్ కట్టడం మూడు వరసల గాజు వీధులతో ఇదే కుటుంబానికి చెందింది. మన నగరాల్లో మాల్స్‌కు "గ్యాలేరియా" అని పేరు పెట్టుకోవడం కూడా అక్కడి నుంచి వచ్చిందే. పేరు వచ్చింది గాని, వీధి రాలేదు. వాటికి తలుపులు, సెక్యూరిటీ, మూసే వేళలు ఉంటాయి.

హైదరాబాదులో ఎందుకు లేదు? నా సమాధానం ఎండ. మిలాన్ చలికాలంలో పొగమంచు, వాన ఎక్కువ, వెలుగు తక్కువ. అక్కడ వానను ఆపి వెలుగును రానిచ్చే కప్పు కావాలి, అది గాజే. మనకు కావలసింది దానికి తిరగేసినది: వెలుగును ఆపి గాలిని రానిచ్చే కప్పు. నడివేసవిలో గాజు గుమ్మటం కింద నిలబడితే అప్పడాల్లా వేగిపోతాం. మనవాళ్లు తాటాకు పందిరి వేసినా, పత్తర్‌గట్టీలో రాతి కమానుల వరండా కట్టినా, ఆ లెక్క తెలిసే చేశారు. 1935 నాటి మొజంజాహీ మార్కెట్‌ను చూడండి. గ్రానైటు గోడలు, చుట్టూ దుకాణాలు, మధ్యలో ఆకాశానికి తెరిచిన ప్రాంగణం. దాన్ని మిలాన్ గలేరియాకు పేద చుట్టంగా చూడనక్కరలేదు. ఊరి వాతావరణానికి అది సరిగ్గా సరిపోయిన అంగడి. మీరు తిరిగి వచ్చాక ఒకసారి ఆ రెండింటినీ మనసులో పక్కపక్కన పెట్టుకుని అక్కడ ఐస్‌క్రీం తినండి.

చివరగా, పెద్దవాళ్లతో వెళ్తున్నారు కాబట్టి కొన్ని సంగతులు. తలుపులు లేవు గనుక డిసెంబరు చలిగాలి లోపలా అంతే కొడుతుంది, కప్పు ఉంది గదా అని శాలువాలు హోటల్లో వదిలేసి రాకండి. డిసెంబరు 7న లా స్కాలాలో కొత్త సంగీత ఋతువు మొదలవుతుంది, ఊరికి కూడా ఆ రోజు పండుగ సెలవు, ఆ ప్రాంతమంతా కిక్కిరిసి ఉంటుంది, ఆ తేదీ తప్పించుకోండి. కాఫీ కౌంటరు దగ్గర నిలబడి తాగితే ఒక ధర, బల్ల దగ్గర కూర్చుంటే చాలా ఎక్కువ ధర, ఇది ఇటలీ పద్ధతి. ఉదయం ఏడు, ఎనిమిది మధ్య వెళ్తే నేల మొత్తం కనిపిస్తుంది, పది దాటితే కాళ్లే కనిపిస్తాయి.

డుయోమో వైపు తోరణం కింద నుంచి మొదలుపెట్టి స్కాలా వైపు బయటికి రండి, అటు నుంచి ఇటు వద్దు. లోపల నేను ఉన్న రోజుల్లో కూర్చోవడానికి బెంచీలు లేవు. స్కాలా ఎదుట 1872లో పెట్టిన లియొనార్డో డా విన్చీ విగ్రహం చుట్టూ చెట్ల కింద మాత్రం ఉంటాయి. అమ్మానాన్నలను అక్కడ కూర్చోబెట్టి, మీరు ఒక్కరే వెనక్కి తిరిగి చూడండి. మహాతోరణం ఉన్నది అవతలి వైపు. ఇటువైపు ముఖం ఎంత నిరాడంబరంగా ఉంటుందంటే, లోపల ఏముందో తెలియనివాళ్లు అది ఏదో పాత సందు మొగ అనుకుని దాటిపోతారు.